థ్రెడ్ లైట్ వెయిట్ అంటే, ఏ విషయంలో లైట్?

ఈసారి లెటర్ జనగామ నుంచి వచ్చి ఉప్పల్‌లో హాస్టల్‌లో ఉంటున్న ఒకమ్మాయిది. పేరు వద్దంది, కాలేజీ పేరు నేనే తీసేశా. బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది, టెన్త్ దాకా తెలుగు మీడియం, లెటర్ చాలా పెద్దది కాబట్టి సారం చెప్తా. రెండో ఏడాది రెండో సెమ్‌లో అన్నీ పాసైంది, ఆపరేటింగ్ సిస్టమ్స్ (ఓఎస్) ఒక్కటే పోయింది. క్లాసులో సార్ పీపీటీ చదివి వెళ్లిపోయేవారట, పరీక్ష ముందు రాత్రి యూట్యూబ్‌లో మొత్తం సిలబస్ ఒకే వీడియోలో చెప్పేవి రెండు చూసి వెళ్లి రాసింది. ఇంట్లో ఫీజు కట్టేది అన్న. వాళ్లన్నకి బ్యాక్‌లాగ్ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఇదిలా ఉండగా మొన్న కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలు పెట్టారు, వచ్చినాయన ప్రాసెస్‌కి థ్రెడ్‌కి తేడా ఏంటని అడిగితే "థ్రెడ్ అంటే లైట్ వెయిట్ ప్రాసెస్ సార్" అంది. ఆయన కోప్పడలేదు, "సరేనమ్మా, ఏ విషయంలో లైట్?" అన్నాడంతే. దానికి నోట మాట రాలేదట. అప్పట్నుంచి ఇదే తలలో తిరుగుతోంది. రూమ్‌మేట్ ఏమో ఓఎస్ వదిలెయ్, అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సులో చేరదాం, 25 వేలు అంటోంది, సీనియర్లు డీఎస్ఏ (డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్) చేస్కో చాలు అంటున్నారు, ఒక ఫ్రెండ్ ఎంటెక్ కోసం గేట్ రాద్దాం అంటోంది. "అక్కా, నాకు ఈ సబ్జెక్ట్ బుర్రకెక్కదేమో అనిపిస్తోంది, వదిలేసి ఎలాగోలా పాసైపోతే చాలా, లేక మళ్లీ మొదట్నుంచి చదవాలా, అన్నకి ఎలా చెప్పాలి" అని అడిగింది.

చెల్లీ, ముందు ఆ ప్రశ్న సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే నీ లెటర్‌లో మిగతా గందరగోళమంతా దాంట్లోంచే పుట్టింది. నువ్వు చెప్పిన జవాబు తప్పు కాదు, అది సగం జవాబు. ఆ మాట నీకు ఎక్కడ దొరికిందో కూడా ఊహించగలను, ఆ వీడియోల్లో ప్రాసెస్ అంటే హోటల్, థ్రెడ్స్ అంటే అందులో సర్వర్లు అని ఒక పోలిక చెప్తారు, వినేటప్పుడు భలే అర్థమైనట్టు ఉంటుంది, కానీ సర్వర్ కింద పడితే హోటల్ మూతపడదు గదా, థ్రెడ్ పడితే మాత్రం ప్రాసెస్ మొత్తం పోతుంది, అక్కడ పోలిక చేతులెత్తేస్తుంది. ఎదుటివాడు ఇంకో ప్రశ్న వేయగానే నీ దగ్గర హోటల్ ఉంది గానీ జవాబు లేదు.

అసలు సంగతి ఇది. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, థ్రెడ్ అంటే దాని లోపల నడిచే ఒక్కో పనుల వరస. ఒక ప్రాసెస్‌కి తన సొంత మెమరీ ఉంటుంది, అంటే అడ్రెస్ స్పేస్, దాంట్లో కోడ్, గ్లోబల్ వేరియబుల్స్, హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ), స్టాక్ (ఫంక్షన్లు తమ లోకల్ వేరియబుల్స్ పెట్టుకునే చోటు). పైగా అది తెరిచిన ఫైళ్ల లిస్టు ఒకటి. ఆ ప్రాసెస్‌లో నాలుగు థ్రెడ్స్ ఉన్నాయనుకో, కోడ్, గ్లోబల్స్, హీప్, తెరిచిన ఫైళ్లు అన్నీ ఉమ్మడి, ఒక్కో థ్రెడ్‌కి సొంతంగా ఉండేది స్టాక్, రిజిస్టర్లు (సీపీయూ అప్పటి లెక్క పెట్టుకునే చిన్న చోట్లు), తను ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉందో చెప్పే ప్రోగ్రామ్ కౌంటర్. ఇంక లైట్ ఎక్కడంటే, కొత్త థ్రెడ్ పుట్టించడానికి కొత్త అడ్రెస్ స్పేస్ తయారు చెయ్యక్కర్లేదు, అది ఒకటి. ఒకే ప్రాసెస్‌లోని ఒక థ్రెడ్ నుంచి ఇంకో థ్రెడ్‌కి మారేటప్పుడు పేజ్ టేబుల్ (ఏ అడ్రెస్ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక) మార్చక్కర్లేదు కాబట్టి టీఎల్‌బీ అనే సీపీయూలోని చిన్న జ్ఞాపకంలో దాచుకున్న అడ్రెస్ అనువాదాలు అలాగే పనికొస్తాయి, అది రెండోది. థ్రెడ్స్ మధ్య డేటా పంపడానికి, ప్రాసెస్‌ల మధ్య వాడే పైపులు, సాకెట్లు అక్కర్లేదు, ఉమ్మడి వేరియబుల్ చాలు, అది మూడోది. మరి ఈ లైట్‌నెస్‌కి కట్టే ధర ఏంటంటే, ఒక థ్రెడ్ తప్పుడు అడ్రెస్ ముట్టుకుని సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే మొత్తం ప్రాసెస్ పోతుంది, ఉమ్మడి వేరియబుల్‌ని ఇద్దరు ఒకేసారి మారిస్తే లెక్క తప్పుతుంది. అందుకే క్రోమ్ 2008లో వచ్చినప్పుడే ట్యాబులని వేర్వేరు ప్రాసెస్‌లుగా పెట్టారు, ఒక ట్యాబ్ పోయినా బ్రౌజర్ నిలబడాలని, దానికి ర్యామ్ ఎక్కువ తిన్నా పర్లేదనుకున్నారు. లినక్స్‌లో ఇంకో విశేషం ఉంది, కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) దృష్టిలో ప్రాసెస్ అయినా థ్రెడ్ అయినా టాస్క్ అనే ఒకే రకం వస్తువు, క్లోన్ అనే సిస్టమ్ కాల్‌కి (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగే పిలుపు) ఏమేం ఉమ్మడిగా ఉంచాలో చెప్తాం, అన్నీ ఉమ్మడి అంటే థ్రెడ్, వేరుగా అంటే ప్రాసెస్. ఈ పేరా నీ మాటల్లో చెప్పగలిగితే ఆ ఇంటర్వ్యూ ఆయన ఇంక తరవాతి ప్రశ్నకి వెళ్లేవాడు.

బుర్రకెక్కదు అన్నావు. నాకైతే అట్లా అనిపించట్లేదు. నీ సిలబస్ ఐదు యూనిట్లుగా కోసి ఇచ్చారు, ఒక్కో యూనిట్‌లో ఒక ఇరవై పేర్లు, నువ్వు ఆ పేర్లకి నిర్వచనాలు బట్టీ కొట్టావు, ఒకదానికి ఒకటి ఎట్లా పుట్టిందో ఎవరూ చెప్పలేదు. ఏ పేరు కనిపించినా "ఇది లేకపోతే ఏం ఆగిపోతుంది" అని అడిగి చూడు, మొత్తం ఒక దారం మీద వస్తుంది.

ఒకే సీపీయూ ఉంది, దాంట్లో ఒక ప్రోగ్రామ్ ఆగని లూప్‌లో పడింది అనుకో. కంప్యూటర్ మొత్తం దాని చేతిలో ఇరుక్కుపోయినట్టే గదా? అందుకని హార్డ్‌వేర్‌లో ఒక టైమర్ పెట్టారు, అది కొంచెం సేపటికోసారి ఇంటరప్ట్ కొట్టి సీపీయూని ఓఎస్ చేతికి ఇస్తుంది. ఇప్పుడు ఆగిపోయిన ప్రోగ్రామ్‌ని తరవాత మళ్లీ అక్కడి నుంచే నడపాలి కాబట్టి దాని రిజిస్టర్లు ఎక్కడో రాసిపెట్టాలి, ఆ రాసిపెట్టే చోటే పీసీబీ (ప్రాసెస్ కంట్రోల్ బ్లాక్), ఆ మార్పిడే కాంటెక్స్ట్ స్విచ్. సరే ఆపాం, తరవాత ఎవర్ని నడపాలి? అదే షెడ్యూలింగ్. వేర్వేరు వాళ్లు వంతులు తీసుకుంటున్నారు, మధ్యలో ఎక్కడైనా ఆపొచ్చు, మరి ఇద్దరూ ఒకే వేరియబుల్ మీద పని చేస్తుంటే మధ్యలో ఆగినప్పుడు ఏమవుతుంది? అదే రేస్ కండిషన్. దానికి మందు లాక్, అంటే ఒకరు వాడుతుంటే ఇంకొకరిని ఆపేది. రెండు లాకులు ఉండి, నేను ఒకటి పట్టుకుని నీ దాని కోసం, నువ్వు ఒకటి పట్టుకుని నా దాని కోసం కూర్చుంటే? డెడ్‌లాక్. చూశావా, టైమర్ దగ్గర మొదలుపెడితే మూడు యూనిట్లు వరసగా వచ్చేశాయి.

మెమరీ వైపు కూడా అంతే, కాకపోతే అక్కడ కొంచెం లెక్క చెయ్యాలి, చాలామంది అక్కడే భయపడి వదిలేస్తారు కాబట్టి నెమ్మదిగా చెప్తా. ప్రతి ప్రోగ్రామ్ మెమరీ అంతా నాదే అనుకుని అడ్రెస్‌లు వాడుతుంది, కానీ నిజం ర్యామ్ ఒక్కటే, పది ప్రోగ్రాములు పంచుకోవాలి. అందుకని మెమరీని 4 కేబీ ముక్కలు చేసి, ప్రోగ్రామ్ వైపు ముక్కని పేజ్ అని, ర్యామ్ వైపు ముక్కని ఫ్రేమ్ అని, ఏ పేజ్ ఏ ఫ్రేమ్‌లో ఉందో ఒక పట్టిక పెట్టారు. అడ్రెస్ 8197 అనుకో. 4096తో భాగిస్తే 2 వస్తుంది, శేషం 5, అంటే రెండో నంబర్ పేజ్‌లో ఆఫ్‌సెట్ 5. అంతే, ఎగ్జామ్‌లో వచ్చే అడ్రెస్ ట్రాన్స్‌లేషన్ లెక్క ఇదే, బైనరీలో రాసి బెదరగొడతారు. ఇప్పుడు 32 బిట్ల అడ్రెస్ అయితే ఎన్ని పేజీలు? 12 బిట్లు ఆఫ్‌సెట్‌కి పోతే 20 మిగిలాయి, అంటే 10,48,576 పేజీలు, ఒక్కో ఎంట్రీ 4 బైట్లు అనుకుంటే ఒక్క ప్రాసెస్ పట్టికకే 4 ఎంబీ, వంద ప్రాసెస్‌లు ఉంటే 400 ఎంబీ కేవలం పట్టికలకే. ఇది భరించలేక పట్టికనే అంచెలుగా విడగొట్టారు, వాడని భాగాలకి అసలు పట్టికే ఉండదు, అదే మల్టీ లెవెల్ పేజింగ్. అంచెలు పెరిగితే ఒక్క అడ్రెస్ కోసం మెమరీకి నాలుగైదు సార్లు వెళ్లాలి, మెల్లగా అయిపోతుంది, అందుకని ఈమధ్య వాడిన అనువాదాలు దాచుకునే టీఎల్‌బీ. ర్యామ్ నిండితే ఎవర్ని బయటికి పంపాలి? పేజ్ రీప్లేస్‌మెంట్. బయటికి పంపడం, మళ్లీ తెచ్చుకోవడంతోనే సరిపోయి అసలు పని జరక్కపోతే అది థ్రాషింగ్. ఇదంతా ఒక్క ఏ4 పేపర్ మీద బాణం గుర్తులతో గీసి పెట్టుకో, ఎవరి నోట్స్ చూసీ గీయకు.

ఇప్పుడు నీ ముందున్న దారులు.

మొదటిది, సప్లీ పాసైపోతే చాలు అనుకోవడం. దీన్ని తక్కువ చేసి మాట్లాడను, డిగ్రీకి పాస్ కావాల్సిందే, కంపెనీలు చాలావరకు డ్రైవ్‌కి కూర్చోనివ్వాలంటే యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉండొద్దంటాయి. పరీక్షకే అయితే లెక్కలున్న టాపిక్స్ ముందు పట్టుకో, థియరీలో పేపర్ దిద్దేవాళ్ల మూడ్‌ని బట్టి మార్కులు పడతాయి గానీ లెక్కలో జవాబు వస్తే ఎవరూ కోయలేరు. షెడ్యూలింగ్‌లో గాంట్ చార్ట్ (ఎవరు ఎప్పుడు నడిచారో గీసే పట్టీ) లెక్కలు, బ్యాంకర్స్ అల్గారిథమ్ (డెడ్‌లాక్ రాకుండా ముందే చూసుకుని రిసోర్సులు ఇచ్చే పద్ధతి), పేజ్ రీప్లేస్‌మెంట్, డిస్క్ షెడ్యూలింగ్. ఉదాహరణకి మూడు జాబులు 21, 6, 3 మిల్లీసెకన్లవి అదే వరసలో ఒకేసారి వచ్చాయనుకో, వచ్చిన వరసలోనే నడిపితే వెయిటింగ్ టైములు 0, 21, 27, సగటు 16. చిన్నవి ముందు నడిపితే 0, 3, 9, సగటు 4. పెద్ద జాబ్ ముందు ఉంటే వెనకున్న చిన్నవన్నీ ఇరుక్కుపోవడాన్నే కాన్వాయ్ ఎఫెక్ట్ అంటారని ఒక లైన్ రాస్తే ఇంకో మార్కు. అలాగే 1 2 3 4 1 2 5 1 2 3 4 5 అనే పేజీల వరస మీద ఫిఫో (ముందొచ్చిన పేజ్‌నే ముందు పంపే పద్ధతి) చేసి చూడు, కావాల్సిన పేజ్ ర్యామ్‌లో లేకపోతే అది ఫాల్ట్, మూడు ఫ్రేములకి 9 ఫాల్టులు, నాలుగు ఫ్రేములకి 10 వస్తాయి, మెమరీ పెంచితే ఫాల్టులు పెరిగాయి, అదే బెలాడీస్ అనామలీ, ఈ వరస చాలా పేపర్లలో ఇట్లాగే ఇస్తారు. ఈ దారిలో వెళ్తే పాసవుతావు, కానీ మళ్లీ ఎవరైనా "ఏ విషయంలో లైట్" అంటే అదే నిశ్శబ్దం, అది తెలిసే ఎంచుకో.

రెండోది, ఎట్లాగూ సప్లీకి చదవాలి కాబట్టి ఆ చదువునే కొంచెం సరిగ్గా చదవడం, మెషిన్ మీద చేసి చూడటం. నా ఓటు దీనికే అని దాచిపెట్టను. టైమ్ ఎక్కువ పడుతుంది, మొదటి రెండు వారాలు ఏమీ ముందుకి కదలనట్టు ఉంటుంది, మార్కులకి నేరుగా పనికొస్తున్నట్టు కూడా కనపడదు, పక్క రూమ్‌లో వాళ్లు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పీడీఎఫ్ చదివేస్తుంటే నీకు కంగారు పుడుతుంది. అయినా చెయ్యి. నీ లాప్‌టాప్‌లో విండోస్ ఉంది, 8 జీబీ ర్యామ్ అన్నావు, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేస్కుంటే ఉబుంటు అనే లినక్స్ వస్తుంది, సరిపోతుంది.

ఏం చెయ్యాలంటే, ముందు ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రాసెస్‌కి కాపీగా ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టించే కాల్. ఒక చిన్న సీ ప్రోగ్రామ్‌లో రెండుసార్లు ఫోర్క్ పిలిచి కింద ఒక ప్రింట్ పెట్టు, నాలుగు సార్లు వస్తుంది, మూడుసార్లు పిలిస్తే ఎనిమిది, ఎందుకో చెట్టు గీసి చూస్కో. ఫోర్క్ పిల్లకి సున్నా, తల్లికి పిల్ల పీఐడీ (ప్రాసెస్ నంబర్) తిరిగిస్తుంది, ఆ తేడాతోనే ఎవరు ఎవరో తెలిసేది. తరవాత ప్రింట్‌ని ఫోర్క్‌కి ముందు పెట్టి, ఒక్కసారే ఫోర్క్ చేసి, చివర న్యూలైన్ ఉంచి నడుపు. స్క్రీన్ మీద ఒక్కసారే వస్తుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లిస్తే రెండుసార్లు వస్తుంది! ఫైల్‌కి అయితే ఆ అక్షరాలు వెంటనే బయటికి పోక బఫర్‌లో (ప్రోగ్రామ్ మెమరీలోని తాత్కాలిక నిల్వ) ఉండిపోయి ఆ బఫర్ కూడా పిల్లకి కాపీ అయింది కాబట్టి. ఈ ఒక్కటి స్వయంగా చూశావంటే అడ్రెస్ స్పేస్ కాపీ అవడం అంటే ఏంటో ఏ వీడియో అక్కర్లేదు. కాపీ అంటే వెంటనే మొత్తం మెమరీ కాపీ చెయ్యరు, ఎవరో ఒకరు రాసినప్పుడే ఆ పేజ్ వరకు కాపీ చేస్తారు, కాపీ ఆన్ రైట్ అంటే అదే, ఇంటర్వ్యూల్లో ఇది అడుగుతారు.

తరవాత రెండు థ్రెడ్స్, ఒక గ్లోబల్ కౌంటర్, ఒక్కో థ్రెడ్ 10 లక్షల సార్లు దానికి ఒకటి కలపాలి. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చెయ్యి. 20 లక్షలు రావాలి గదా, రాదు, తక్కువ వస్తుంది, నడిపిన ప్రతిసారీ వేరే నంబర్ వస్తుంది. ఒకటి కలపడం అనేది నీకు ఒక్క లైన్, సీపీయూకి చదవడం, కలపడం, రాయడం అనే మూడు పనులు, ఇద్దరూ ఒకే విలువ చదివేస్తే ఒకరి కలపడం గల్లంతు. చుట్టూ మ్యూటెక్స్ అనే లాక్ పెట్టు, 20 లక్షలు కచ్చితంగా వస్తుంది, కానీ ప్రోగ్రామ్ బాగా మెల్లగా అవుతుంది, ఆ మెల్లదనాన్ని కూడా టైమ్ చేసి చూడు. మీ సార్ క్రిటికల్ సెక్షన్ (ఒకసారికి ఒక్కరే నడపాల్సిన కోడ్ ముక్క) గురించి మూడు క్లాసులు చెప్పి ఉంటారు, ఇది అర్ధగంట పని.

ఆ తరవాత, ఒక ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ని చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి ఎల్ఎస్ కమాండ్ నడుపు. మామూలుగా ఫైళ్ల పేర్లు చూపించే చిన్న కమాండ్, వెనక ఎన్ని సిస్టమ్ కాల్స్ చేస్తుందో స్క్రీన్ నిండా పడతాయి, ముందు ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఎగ్జెక్‌వీఈ, తరవాత లైబ్రరీలు తెరవడానికి ఓపెన్‌ఎట్, చివర్లో రాయడానికి రైట్. యూజర్ మోడ్ (మామూలు ప్రోగ్రామ్ నడిచేది), కెర్నెల్ మోడ్ (ఓఎస్ నడిచేది) అని బట్టీ కొట్టిన సరిహద్దు ఎక్కడుందో అక్కడ కనపడుతుంది. అన్నీ అర్థం కావు, కానివ్వు.

ఇవి అయ్యాక ఇంకా ఆసక్తి ఉంటే ఎంఐటీ వాళ్లు పాఠం చెప్పడానికి రాసుకున్న ఎక్స్‌వీ6 అనే బుల్లి ఓఎస్ ఉంది, ఉచితం, పాత యునిక్స్ ఆరో వెర్షన్ పోలికలతో రాసింది. లినక్స్ కెర్నెల్ కోట్ల లైన్లు, ఇది కొన్ని వేలే, షెడ్యూలర్ ఫంక్షన్ ఒక్కటి చదివినా చాలు. అది అయ్యేసరికి పుస్తకంలో రౌండ్ రాబిన్ (అందరికీ సమానంగా వంతులు) అని చదివింది లినక్స్‌లో అచ్చంగా అలాగే లేదని కూడా తెలుస్తుంది, మామూలు ప్రాసెస్‌లకి 2007 నుంచి సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ ఉండేది, 2023లో 6.6 వెర్షన్‌తో దాని చోట ఈఈవీడీఎఫ్ వచ్చింది. బ్యాంకర్స్ అల్గారిథమ్ కూడా అంతే, డైక్‌స్ట్రా గొప్ప ఆలోచన, పరీక్షకి తప్పనిసరి, కానీ మామూలు ఓఎస్‌లు వాడవు, ఎందుకంటే నీ ప్రోగ్రామ్ తనకి జీవితంలో గరిష్ఠంగా ఎన్ని రిసోర్సులు కావాలో ముందే ఎక్కడ చెప్తుంది? కెర్నెల్ రాసేవాళ్లు లాకుల్ని ఎప్పుడూ ఒకే వరసలో పట్టుకోవాలని నియమం పెట్టుకుంటారు, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ డెడ్‌లాక్ కనిపెట్టి ఒక ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తిప్పేస్తుంది. ఇంటర్వ్యూలో ఇది చెప్పు, డీబీఎంఎస్ కూడా వచ్చని వాళ్లకే తెలుస్తుంది.

మూడోది అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు నా చుట్టూ చాలామందే ఉన్నారు, కాబట్టి కోర్సే దండగ అని చెప్పను. కానీ నీ సమస్యకి అది మందు కాదు, వేరే సమస్యకి మందు. ఫుల్ స్టాక్‌లో నీకు వెబ్‌సైట్ కనపడే భాగానికి రియాక్ట్, వెనక సర్వర్ భాగానికి నోడ్ నేర్పిస్తారు, నేర్చుకో, కాకపోతే నోడ్‌లో నువ్వు రాసిన జావాస్క్రిప్ట్ మామూలుగా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది, దాంట్లో ఒక పెద్ద లూప్ పెడితే వచ్చిన రిక్వెస్టులన్నీ ఆగిపోతాయి, అప్పుడు ఎందుకు ఆగాయి అంటే మళ్లీ ఓఎస్ దగ్గరికే వస్తావు. పైగా 25 వేలు అన్న జేబులోంచి వెళ్లాలి, ఆయనకి బ్యాక్‌లాగ్ సంగతే తెలీకుండా. సప్లీ అయ్యాక, వేసవిలో, డెమో క్లాస్ విని అప్పుడు నిర్ణయించుకో, ఆ బ్యాచ్‌లు ఎక్కడికీ పోవు, నెలకోటి మొదలవుతుంటాయి. సీనియర్లు చెప్పిన డీఎస్ఏ మాత్రం రోజుకో గంట ఆపకు, మొదటి రౌండ్ దాటించేది అదే, అక్కడ వాళ్లు కరెక్టే.

గేట్ గురించి ఎక్కువ చెప్పను. మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఎంటెక్ మీద నిజంగా ఇష్టం ఉంటే రెండో దారిలో చదివిన ఓఎస్ అక్కడ నేరుగా పనికొస్తుంది. ఫ్రెండ్ రాస్తోంది కదా అని మాత్రం వద్దు, పది సబ్జెక్టుల పరీక్ష అది.

అన్న సంగతి. నువ్వు భయపడుతున్నది తిడతాడని కాదు, బాధపడతాడని అని రాశావు. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది? సప్లీ పాసైతే ఎప్పటికీ తెలీకపోవచ్చు, అది నిజమే. పాస్ కాకపోతే మాత్రం డ్రైవ్‌లు మొదలైనప్పుడు నీ ఫ్రెండ్స్ అందరూ కూర్చుని నువ్వు కూర్చోనప్పుడు తెలుస్తుంది, అప్పుడు ఒక సబ్జెక్ట్ పోయినందుకు కాదు, ఇన్నాళ్లు దాచినందుకు బాధపడతాడు. చెప్తే ఒకట్రెండు రోజులు మౌనంగా ఉంటాడేమో. ఫోన్‌లో కంటే పండక్కి ఊరెళ్లినప్పుడు, అమ్మ వాళ్ల ముందు కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు చెప్పడం మేలు, "అన్నా, ఒకటి పోయింది, సప్లీ ఫలానా నెలలో, రోజూ ఇంతసేపు చదువుతున్నా" అని మూడు ముక్కల్లో. ఎందుకు పోయిందని సార్ మీదా పీపీటీ మీదా మొదలుపెట్టకు, అది నిజమే అయినా సాకులా వినపడుతుంది. పండగ దూరంగా ఉంటే మెసేజ్ రాసినా పర్లేదు, రాసేటప్పుడు కోర్సు డబ్బుల మాట అందులో కలపకు.

ఇంకొకటి, సప్లీకి ఫీజు కట్టే నోటిఫికేషన్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో వస్తుందని కూర్చోకు, ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగి ఆఖరి తేదీ రాసుకో, దాటితే లేట్ ఫీజు పడుతుంది. ఆ కౌంటర్ ప్రోగ్రామ్‌లో నీకు ఏ నంబర్ వచ్చిందో రాయి, కోడ్ కూడా పంపు, తప్పుంటే చూస్తా.